రెండు వందల పద్నాలుగో నంబరు ఆమె

మోటరు తిరుగుతలేదని నాకు మొదటి దినమే తెలిసింది. చెప్పిన. ఎవ్వరు ఇనలే. నేను గూడ రెండోసారి గట్టిగ చెప్పలే. ఉద్యోగంల నేను చేసిన తప్పులన్ని ఒక దిక్కు, ఆ రెండోసారి చెప్పకపోవుడు ఒక దిక్కు.

ట్రైనింగుకు వచ్చిన పోరగాండ్లు మొన్న నన్ను చుట్టుకొని కూసున్నరు. "తాతా, మీ దవాఖానకు మొట్టమొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు నువ్వే బాగుచేసినవట గద, చేత్తోని గిరగిర తిప్పి! చెప్పు జర" అని ఒకటే నవ్వుడు. నవ్వే సంగతి అనుకున్నరు. నోటితోని చెప్తే నేను మధ్యలనే లేచిపోత. అందుకే రాస్తున్న. నా రాత మెల్లగ నడుస్తది, ఓపిక పట్టాలె.

నేను సదువుకున్నోణ్ణి కాదు. జనగామల మోటర్ల వైండింగు షాపుల పని నేర్చుకున్న. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిల బస్సుల ముంగట నిలబడి "గో బ్యాక్" అని గొంతు పోయేదాక ఒర్లిన. ఆ రెండు ముక్కలకు అర్థమేందో పక్కోణ్ణి అడిగి తెలుసుకున్నది మాత్రం లాఠీ దెబ్బ తిన్నంకనే. ఏ దిక్కోళ్లను పొమ్మని ఒర్లిన్నో, ఆ దిక్కు నుంచే వచ్చిన డాక్టరమ్మ కింద ఇరవై ఏండ్లు నౌకరి చేసిన. బతుకు గట్లుంటది.

మా దవాఖాన మానుకోట దగ్గర రోడ్డు మీద ఉండె. మహబూబాబాద్ అని బోర్డు మీద రాస్తరు, మేము మానుకోట అనే అంటం. పెద్దరోగం దవాఖాన అది. కుష్టు అనే మాట మేము నోటితోని అనకపోతుంటిమి, వచ్చినోళ్లు అసలే అనకపోతుంటిరి. నాది జనరేటర్ నడిపే పని. ఫ్యూజులు కట్టుడు, పంపు చూసుడు, గోళీల పాకెట్లు పంచుడు, మందులు మధ్యల మానినోళ్ల ఊర్లు పోయి బతిమాలి తోలుకొచ్చుడు గూడ నా మీదనే పడ్డయ్. ఊర్లకు పోయినప్పుడు దవాఖాన మనిషినని చెప్పొద్దు. చెప్తే ఆ ఇంటికి ఊరు బందైతది. అందుకే నట్లు విప్పే పానాల సంచి భుజానేసుకొని, బాయి మోటర్లు చూసే మిస్త్రీ లెక్క పోయేది. ఎవరికి అనుమానం రాకపోయేది.

డాక్టరమ్మనే నాకు పలక పట్టిచ్చింది. అప్పటికి నాకు ముప్పై రెండేండ్లు. మీసాలున్నోడు అ ఆ లు దిద్దుతుంటే నర్సమ్మలు కిటికీల నుంచి చూసి కిసకిసమనేటోళ్లు. ఏడాదిల చదువుడు వచ్చింది. వచ్చిన సంది నోరు ఆగలే. గోడ మీద బోర్డు, బస్సు మీద ఊరి పేరు, ఉప్పు కట్టిన కాయితం, ఏది కనిపిస్తే అది పెద్దగ చదివేది.

ఒక అంగడి దినం దవాఖానల లైను కట్టి మంది నిలబడ్డరు. రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉన్నది. నేను వేలు పెట్టుకుంట ఒక పేరు చదివిన. ఇంటిపేరు, పేరు, ఊరు, అన్ని కూడబలుక్కొని, పెద్దగ. కట్టెల మోపు దించనీకి వచ్చిన మనిషి ఒకడు గుమ్మంల నిలబడి ఇన్నడు. వాడిది అదే ఊరు.

నేను చదివిన పేరు బట్టలు కుట్టేటాయనది. వారం తిరగకముందే ఆయనకు ఊర్ల బట్ట ఇచ్చేటోడు లేకుంట పోయిండు. మిషన్ అమ్ముకొని రైలెక్కిండని ఇన్నం. ఎటు పోయిండో ఇయ్యాల్టిదాక తెల్వదు. డాక్టరమ్మ నన్ను తిట్టలే. ఒక్కటే మాట అన్నది. "చదవడం నేర్పాను కానీ, మనసులో చదువుకోవడం నేర్పలేదు మీకు. తప్పు నాదేనండీ."

ఆ సంగతి మందిల పాకింది. లైనుల నిలబడేటోళ్లు సగమైన్రు. మిగిలినోళ్లు రిజిస్టరు కాలబెడితేనే వస్తమన్నరు. కాలబెట్టినం. దవాఖాన ఎనక, వాళ్ల కండ్ల ముంగట, అగ్గిపుల్ల గీసింది నేనే.

ఆ ఏడాదే మాకు విరాళాలిచ్చే విదేశపోళ్లు ఒక కంప్యూటర్ పంపిన్రు. ఎనభైల ఆఖరుకు అయ్యింటది. మానుకోటల అసుంటిది మొదటిసారి చూసుడు. డాక్టరమ్మకు అది దేవుడిచ్చిన దారి లెక్క కనిపించింది. ఇగ నుంచి మనిషి చేతికి నంబరు రాసిన అట్టముక్క ఒకటే ఇయ్యాలె. గోళీల పాకెటు మీద నంబరే, రక్తం సీసా మీద నంబరే. పేరు, ఊరు మాత్రం తలుపేసుకున్న అర్రల టైపు చేసే బిడ్డ చెవుల చెప్పాలె. ఆమె మిషన్ల ఎక్కిస్తది. ఇంకెక్కడ ఉండొద్దు. ప్రింటర్ ఇస్తమంటే వద్దన్నది డాక్టరమ్మ, మళ్ల కాయితమేనా అని. ఫ్లాపీల ఇంకో కాపీ తీసిపెట్టుకుంట అని టైపు బిడ్డ అడిగితే దానికి గూడ ఒప్పుకోలే.

"రెండో కాపీ అంటే రెండో నోరమ్మా" అన్నది.

అప్పుడు మా అందరికి అది మస్తు తెలివైన మాట అనిపించింది. మీరు ఇప్పుడు నెత్తి కొట్టుకుంటరు, నాకు తెల్సు. బట్టలు కుట్టేటాయన పోయిన తీరు మీరు చూడలే.

టైపు బిడ్డ జనగామ పిల్ల. టైపు రెండు పరీక్షలు పాసై, హైదరాబాదుల కంప్యూటర్ నేర్చుకొని వచ్చింది. ఇరవై రెండేండ్లు ఉండొచ్చు. ఆ అర్రల చెప్పులతోని అడుగు పెట్టనిచ్చేది కాదు. నన్నైతే దగ్గరికే రానియ్యకపోయేది. "అన్నా, నీ చేతులకు గ్రీజు ఉంటది, జర గడప అవుతల్నే ఉండు" అనేది. నేను గడప అవుతల్నే నిలబడి పొద్దుగాల ఆమె మిషన్ లేపుడు ఇనేటోణ్ణి. ముందు ఫ్యాను గాలి. దాని ఎనక ఇసుర్రాయి మెల్లమెల్లగ అందుకున్నట్టు ఒక సప్పుడు, సన్నగ పైకి పోయి ఒక్క తీరుగ నిలబడేది. ఆ సప్పుడు నిలబడ్డంకనే తెర మీద అక్షరాలు వచ్చేటియి.

వానకాలం. నాట్లు పడుతున్నయ్. బాయిల కాడ మోటర్లన్ని ఒక్కసారే లేస్తే మా దిక్కు కరెంటు గుడ్డిదీపమయ్యేది. ఆ ఆదివారం పొద్దుగూకే ముందు కరెంటు పోయింది, వచ్చింది, మళ్ల పోయి మళ్ల వచ్చింది, రెప్పకొట్టినంత సేపట్ల. అర్రల నుంచి టైపు బిడ్డ "అయ్యో" అన్నది. నేను ఉరికొచ్చే వరకు తెర నల్లగైంది. పొద్దున చూద్దామని గుడ్డ కప్పిపోయింది.

తెల్లారి సోమవారం. మిషన్ లేవలే.

ఆ పొద్దున్నే వరంగల్ పెద్ద దవాఖాన నుంచి రక్తం రిపోర్టులు వచ్చినయ్. డాక్టరమ్మ ఒక కాయితం పట్టుకొని నిలబడే చదివింది. ఆమె మొఖం తెల్లగైంది.

"రెండు వందల పద్నాలుగు ఎవరు?" అన్నది.

నాకు యాదికొచ్చింది. పేరు కాదు, మనిషి. సన్నగ, చామనఛాయ. అడవి దిక్కు మాట. మూడో నెల పాకెటుకు వచ్చింది ఐదు దినాల కింద. "ఒంట్ల సత్తువ లేదన్నా, కండ్లు తిరుగుతున్నయ్" అన్నది. డాక్టరమ్మ ఆ దినం వరంగల్ మీటింగుకు పోయింది. నర్సమ్మ కండ్లు చూసి, జర పచ్చగున్నయని రక్తం తీసి పంపింది. గోళీలు ఆపాలెనని ఎవరికి తోచలే. నెల పాకెటు ఆమె చేతుల పెట్టింది నేనే.

"ఈ తెల్ల మాత్ర ఆవిడకి పడట్లేదు" అన్నది డాక్టరమ్మ. "ఒంట్లో రక్తం విరిగిపోతోంది. ఇవాళే ఆపించాలి. రోజూ మింగుతూ ఉంటే బతకదు. పేరు చూడండి, ఊరు చూడండి."

టైపు బిడ్డ మిషన్ ముంగట కూసొని ఏడుస్తున్నది.

ఆమె చేతకానిది కాదు, అన్ని చేసింది. వైర్లు పీకి మళ్ల పెట్టింది. ఫ్లాపీ ఏసి లేపితే మిషన్ లేస్తున్నది. గని పేర్లున్న లోపలి డిస్కు ఉన్నట్టే దానికి తెలుస్తలేదు. "డిస్కు కనిపిస్తలేదట మేడం. ఉన్నదో లేదో గూడ చెప్తలేదు."

నేను ఫ్యూజులు చూసే సాకుతోని గడప దాటి లోపలికి పోయిన. స్క్రూడ్రైవర్ మొన డబ్బా మీద పెట్టి, పిడి చెవికి ఆనించిన. బేరింగు పోయిన మోటర్లను మా షాపుల అట్లనే ఇంటుంటిమి. ఫ్యాను ఇనిపిస్తున్నది. దాని కింద ఒక టిక్కు, ఎనక సన్నగ గుయ్యి అని మూలుగు. ఇసుర్రాయి సప్పుడు లేదు. కరెంటు అందుతున్నది, తిరుగుతలేదు. నాలుగు నెలలు ఆపిపెట్టిన పంపు మొదటిసారి ఏస్తే గట్లనే మూలుగుతది. చెయ్యి పెట్టి ఒక్క తిప్పు తిప్పితే అందుకుంటది.

"బిడ్డా, లోపట మోటరు జామైంది. విప్పి చేత్తోని ఒక్క ఇసురు ఇసిరితే లేస్తది" అన్న.

"అన్నా, నీకు దండం పెడ్త. ఇది బాయి మోటరు కాదు."

"తిరిగేది ఏదైనా మోటరే గద."

"నీ మాట ఇని విప్పితే రేపు నా నౌకరి నువ్విస్తవా?"

డాక్టరమ్మ హైదరాబాదుకు ట్రంకాల్ బుక్ చేసింది. లైను కలిసేసరికి పగలు దాటింది. మిషన్ అమ్మిన కంపెనీ ఇంజనీరు గురువారం వస్తనన్నడట. అప్పటిదాక ఎవరు ముట్టొద్దు, విప్పితే మా జిమ్మేదారి లేదు అన్నడట. ఆమె ఫోను పెట్టి నా దిక్కు చూసింది.

"మీ మీద నమ్మకం లేక కాదండీ. అందులో మూడు వందల మందికి పైగా ఉన్నారు. మీరు తిప్పి అది పాడైతే ఒక్కరి కోసం అందర్నీ పోగొట్టుకుంటాం. ఏం చెయ్యమంటారు, చెప్పండి?"

నన్నే అడిగింది. చెప్పమన్నది. నేను ఏమన్న? "ఇంజనీరుకే తెలుస్తదమ్మా" అన్న. పలక మీద అక్షరాలు దిద్దినోణ్ణి, హైదరాబాదు ఇంజనీరు మాట మీద మాట ఎట్ల అనాలె అని ఎనకకు తగ్గిన. చెవి చెప్పిన మాట పక్కా అని తెలిసీ తగ్గిన.

మంగళవారం మానుకోట బస్టాండుకు పోయి కండక్టర్లను అడిగిన. సన్నగున్న మనిషి, నెలకొకసారి దిగుతది, అడవి దిక్కు మాట. "నెలకొకసారి దిగేటోళ్లు వెయ్యి మందన్నా" అని నవ్విన్రు. టైపు బిడ్డ కండ్లు మూసుకొని యాది చేసుకున్నది. "ములుగు దిక్కో పరకాల దిక్కో చెప్పింది. ఊరి పేరు నోటి చివర ఉన్నట్టే ఉన్నది, వస్తలేదన్నా" అని నెత్తి కొట్టుకున్నది. బుధవారం అట్లనే పోయింది. ఆ మూడు దినాలు, పొద్దున అన్నం తిన్నంక ఆమె ఒక గోళి మింగుతుంటదని మాకు తెల్సు. తెలిసి చాయ్ తాగినం, ఫ్యూజులు కట్టినం, లైనుల మందికి పాకెట్లు ఇచ్చినం.

గురువారం ఇంజనీరు రాలే. వచ్చే వారం వస్తనని కబురొచ్చింది. డాక్టరమ్మ మిషన్ మీది గుడ్డ తీసింది.

"విప్పండి. పోతే నా మాట మీద విప్పారని రాసిస్తాను."

టైపు బిడ్డ ఈసారి అడ్డం రాలే. స్క్రూలు తనే విప్పింది. డిస్కు ఒక చిన్న ఇటుకంత ఉన్నది, బరువు గూడ అంతే. వైర్లు పీకకుంటనే దాన్ని బయటికి తీసి అరచేతుల్ల పట్టుకున్న. "స్విచ్చి ఎయ్యి" అన్న. మూలుగు చేతికి తగిలింది. మణికట్టుతోని, తాళం తిప్పినట్టు, ఒక్క ఇసురు ఇసిరిన. కాలే. ఇంకొకటి. లోపట ఏదో ఊడినట్టైంది. ఇసుర్రాయి అందుకున్నది. సన్నగ మొదలై పైకి, పైకి పోయి నిలబడ్డది.

టైపు బిడ్డ నా మొఖం దిక్కు చూసి, "అన్నా, కదలకు, నీ కాల్మొక్త, దించకు" అన్నది. నేను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని నిలబడ్డ. ఆమె టకటక కొట్టింది. రెండు వందల పద్నాలుగు. పేరు వచ్చింది, పెనిమిటి పేరు, ఊరు వచ్చినయ్. భూపాలపల్లి దాటినంక ఊరు. డాక్టరమ్మ పెన్సిలు తోని కాయితం మీద రాసింది. రిజిస్టరు కాలబెట్టినంక ఆ దవాఖానల కాయితం మీద పడ్డ మొదటి పేరు అది.

"ఒకటో నంబరు నుంచి అందరివీ చదువమ్మా" అన్నది. పిల్ల చదువుతున్నది, ఆమె రాస్తున్నది. నలభై మంది అయ్యిన్రో లేదో, నా చేతుల్ల గరగర మొదలైంది. ఇనుము మీద మేకు గీసినట్టు. తెర ఆగింది. నేను ఎన్నిసార్లు ఇసిరినా మళ్ల లేవలే. తర్వాత వచ్చిన ఇంజనీరు, "అరిగింది, ఇగ రాదు. నేను ముందొచ్చినా ఇంతే చేసేటోణ్ణి" అన్నడు. ఆయన మాట ఇని సంతోషపడాల్నో ఏడ్వాల్నో తెల్వలే. మిగిలినోళ్లు మళ్ల నెలకు వాళ్లంతట వాళ్లు వచ్చిన్రు. రానోళ్లు రాలే. వాళ్లను ఎతకనీకి మా దగ్గర ఏం లేకుండె.

శుక్రవారం మొదటి బస్సుకు బయలెల్లిన. హన్మకొండల మారి, పరకాలల మారి, భూపాలపల్లిల దిగేసరికి పగలైంది. అప్పటికి అదొక చిన్న ఊరు. అప్పుడప్పుడే బొగ్గు బాయిలకు భూములు చూస్తున్నరు. అక్కడి నుంచి నడక. పానాల సంచి భుజాన ఉన్నది. కాయితం అంగీ జేబుల ఉన్నది. ఊరి మొదల్ల చాయ్ హోటల్ కాడ ఇంటాయన పేరు చెప్పి ఇల్లు అడిగిన.

హోటలాయన నన్ను పైనుంచి కింది దాక చూసిండు. "చుట్టమా? జర ఆలస్యమైంది. పిట్టకు పెట్టొచ్చిన్రు ఇప్పుడే."

మనిషి పోయిన మూడో దినం పిట్టకు బువ్వ పెడ్తరు మా దిక్కు. లెక్కబెట్టుకున్న. శుక్రవారం మూడో దినమంటే, బుధవారం. మేము ఇంజనీరు కోసం చూసుకుంట కూసున్న బుధవారం.

అక్కడి నుంచే ఎనకకు తిరిగి రావాలె. ఇగ చెప్పేది ఏం లేదు. గని కాళ్లు ఆ ఇంటి దిక్కే పోయినయ్. ఎందుకు పోయిన్నో నాకు తెల్వదు. వాకిట్ల పది పన్నెండు మంది ఉన్నరు. ఆమె పెనిమిటి ముప్పై ఏండ్లోడు, గడ్డం పెరిగి అరుగు మీద కూసున్నడు. నా సంచి చూసి లేచిండు.

"ఎవరన్నా నువ్వు?"

"మోటర్ల మిస్త్రీని. మీ బాయి మోటరు..."

"మా బాయికి మోటరే లేదు. మోట కొడ్తం."

ఇన్నేండ్లల్ల ఆ సాకు ఎప్పుడు పట్టువడలే.

"ఏ ఊరు?"

"మానుకోట దిక్కు" అన్న. అబద్ధం ఇంకొకటి తయారుగ లేకుండె.

ఆయన మొఖం మారింది. భుజం మీద చెయ్యేసి, చుట్టాన్ని తోలుకపోయినట్టే, పశువుల కొట్టం ఎనకకు తోలుకపోయిండు. అక్కడ నా అంగీ పట్టిండు.

"మా తమ్ముడు ఆమెను మానుకోట బస్టాండుల చూసిండట. పీనుగ లేచినంక నిన్న చెప్పిండు. నాతోనేమో చిల్పూరు పోతున్న, తల్లిగారింటికి అని చెప్పేది. వాళ్లమ్మనేమో నా బిడ్డ నా గడప తొక్కి ఏడాదైతున్నదని ఏడుస్తున్నది. మూడు నెలల సంది ఎవని కాడికి పోయిందన్నా ఆమె?"

నేను నేల చూసిన.

"నువ్వేనా?"

పెడేల్మని చెంప మీద కొట్టిండు. చెవుల గుయ్యిమన్నది. మా దవాఖాన పేరు చెప్తే చాలు, ఆ దిక్కు ఊర్లన్నిటికి తెలుస్తది ఏం రోగమో. చెప్తే ఆ ఇంటికి ఊరు బందు. చెప్పకపోతే చచ్చిన మనిషికి ఎవడో ఉన్నడన్న పేరు. ఆమె ఏది దాచమని మా చేతుల్ల పెట్టి పోయిందో నాకు తెల్సు. నోరు మూసుకున్న. ఇంకొకటి కొట్టిండు.

అప్పుడు కొట్టం మూల నుంచి ఒక పిల్ల చెంబుల నీళ్లు పట్టుకొని వచ్చింది. ఏడెనిమిదేండ్లుంటయ్. ఇంటికొచ్చినోళ్లకు నీళ్లియ్యమని ఎవరో పంపినట్టున్నరు. ఆయన చెయ్యి దించిండు. పిల్ల చెంబు చాపింది. అంగీ చెయ్యి పైకి జరిగింది. మోచెయ్యి మీద, రూపాయి బిల్లంత, చుట్టూ ఉన్న తోలు కన్న పాలిపోయిన మచ్చ.

నీళ్లు తాగిన. చెంబు కింద పెట్టిన. పిల్ల దూడ కాడికి పోయినంక ఆయనతోని చెప్పిన.

"ఆమెకు ఆడ ఎవరు లేరు. దవాఖాన ఉన్నది. మానుకోట రోడ్డు మీద దవాఖాన."

ఆయనకు అర్థమైంది. ఒక అడుగు ఎనకకు జరిగిండు.

"అబద్ధం. నా పెండ్లాం చేతులు నాకు తెల్వదా? ఏలు వంకర పోలే, పుండు కాలే."

"ముదరకముందే వచ్చింది. బాగైతుండె. గని మా గోళి ఆమెకు పడలే, రక్తం విరిగింది. ఆపమని చెప్పనీకి వచ్చిన. సోమవారం రావాల్సినోణ్ణి. ఇయ్యాల వచ్చిన."

కొడ్తడనుకున్న. కొట్టలే. కొట్టం గోడకు ఆనుకొని కూలబడ్డడు. కూసొనే అన్నడు, "గా ముక్క నాతోని ఎందుకు చెప్పలేదన్నా? చెప్తే విడిచిపెడ్తుంటినా?"

ఆ మాట శాన ఇండ్లల్ల ఇన్న నేను. అందరు అంటరు, తర్వాత. గని ఆయన మొఖం చూస్తే, ఈయన విడిచిపెట్టకపోవునేమో అనిపించింది. బస్సెక్కి వచ్చి లైనుల ఆమె పక్కన నిలబడునేమో. కండ్లు పచ్చగైన తెల్లారే ఆమెను మా కాడికి తోలుకొచ్చునేమో.

"పిల్లను తోలుకొని రా" అన్న. "రక్తం ముందు చూసినంకనే మందిస్తరు. నేను దగ్గరుండి చూపిస్త."

"వాళ్లమ్మను చంపిన గోళి దీని నోట్ల పెడ్తవా?"

"పెట్టకపోతే చేతులు పోతయ్. ఆ మోచెయ్యి మీది మచ్చ చూడు."

"ఏం మాట్లాడుతున్నవ్? ఆ మచ్చ పుట్టినప్పటి సంది ఉన్నది."

పుట్టుమచ్చ అయితే ముట్టినప్పుడు తెలుస్తది. ఈ రోగం మచ్చకు తెల్వదు. డాక్టరమ్మ దగ్గర నేను నేర్చుకున్న పరీక్ష అదొక్కటే. తువ్వాల అంచు నుంచి ఒక పోగు పీకిన. పిల్లను దగ్గరికి పిలిచి కూసోబెట్టిన.

"ఆట ఆడదాం బిడ్డా. కండ్లు మూసుకో. నేను పోగుతోని ఎక్కడ ముడితే అక్కడ ఏలు పెట్టి చూపియ్యాలె."

పిల్ల నవ్వింది. మూడు దినాల సంది ఆ ఇంట్ల ఎవరు ఆమెతోని ఆట ఆడలేనట్టున్నది. గట్టిగ కండ్లు మూసుకున్నది.

చెంప మీద ముట్టిన. టక్కున ఏలు పెట్టింది. అరచేతుల ముట్టిన. చూపించింది. వాళ్ల నాయిన గోడ దగ్గర నుంచి మోకాళ్ల మీద పాక్కుంట వచ్చి మా పక్కన కూసున్నడు. నా చెయ్యినే చూస్తున్నడు.

మోచెయ్యి మీదికి పోయిన. ముట్టిన. పిల్ల కదలలే. మచ్చ నడుమల ఇంకొకసారి ముట్టిన. పోగు వంగేదాక ఒత్తి మూడోసారి ముట్టిన.

"జల్ది ముట్టు కాకా" అన్నది పిల్ల, కండ్లు మూసుకొనే, నవ్వుకుంట.